ఒక్కడికి అయిదు సీట్లు

మొన్న వాన పడిన సాయంత్రం మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు హోరెత్తిపోయింది. "బయోడైవర్సిటీ దగ్గర గంట నుంచీ కదల్లేదు" అని ఒకాయన. "ఐకియా ముందు చెరువైపోయింది" అని ఇంకొకాయన. "ఈ ఊరు ఇక బాగుపడదు" అని మా మేనేజరు గారి తీర్పు. అందరూ ఫోటోలు కూడా పెట్టారు. ఆ ఫోటోలన్నీ ఒకటే ఫోటో. తడిసిన అద్దం, మధ్యలో ఆగిన వైపరు, అవతల ఎర్ర లైట్ల బారు. రోడ్డుని తిట్టారు, గవర్నమెంటుని తిట్టారు, వాననీ తిట్టారు. తమ పక్క సీటు ఖాళీగా ఉందన్న సంగతి మాత్రం ఒక్కళ్ళూ రాయలేదు.

ఆ టైముకి నేను రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల మీద నిలబడి ఉన్నా. కింద ఆగిపోయిన కార్లని ఊరికే లెక్కపెట్టా. ఇరవై కార్లు. పదహారింట్లో ఒక్కడే మనిషి. ఇదేమీ సర్వే కాదు, వాన తగ్గేదాకా చేసిన కాలక్షేపం. మీరూ ఎప్పుడైనా ఏదో ఒక ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి లెక్కపెట్టి చూడండి, నా లెక్కకి పెద్ద తేడా ఉండదు.

ఇప్పుడు మీరు "వచ్చాడయ్యా నీతులు చెప్పేవాడు" అనుకుంటారని తెలుసు. అందుకే ముందు నా చరిత్ర చెప్పేస్తా. ఆ పదహారు మందిలో నేనూ ఒకణ్ణి. ఒక రోజో రెండు రోజులో కాదు, ఎనిమిదేళ్ళు. 2014లో లోను పెట్టి కారు కొన్నా. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ పక్కన, ఆఫీసు హైటెక్ సిటీలో. పోను పాతిక, రాను పాతిక కిలోమీటర్లు. బాగున్న రోజు గంటంపావు, బాగోని రోజు రెండు గంటలు, వాన పడితే దేవుడి దయ. 2019 మార్చిలో హైటెక్ సిటీకి మెట్రో వచ్చింది. అప్పటికే ముందు ఏడాది, అంటే 2018 సెప్టెంబరు నుంచే ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేటకి రైలు నడుస్తోంది. అంటే మా ఇంటి దగ్గర ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఆఫీసు దగ్గర దిగొచ్చు. ఎక్కానా? లేదు. ఇంకో మూడేళ్ళు సాకులు చెప్పుకుంటూ కార్లోనే తిరిగా. ఆ సాకులన్నీ నాకు కంఠతా వచ్చు కాబట్టే ఇది రాస్తున్నా.

ఎందుకు మారానో చెప్పడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. 2022లో ఒక సాయంత్రం, ఇంటికి వెళ్తూ పంజాగుట్ట దాటక ముందే ఇరుక్కుపోయా. వెనక అంబులెన్సు. సైరను మోగుతూనే ఉంది, ఎవరం కదల్లేకపోతున్నాం. ఎడమ పక్క కారు, కుడి పక్క కారు, ముందు కారు. కాసేపటికి అంబులెన్సులోంచి ఒక పెద్దాయన దిగి, ఒక్కో కారు అద్దం మీద తడుతూ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "కొంచెం పక్కకి తియ్యి బాబూ, కొంచెం పక్కకి". నా అద్దం కూడా తట్టాడు. నేను తీస్తే ఎంత తీస్తా, ఒక అడుగు తీశా. ఆయన నా వంక చూశాడు, తరవాత నా వెనక సీట్ల వంక చూశాడు. ఏమీ అనలేదు. ముందు కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

లోపల ఉన్నది ఎవరో, ఏమయ్యారో నాకు తెలీదు. ఆ చూపు మాత్రం ఇంటిదాకా నా వెంటే వచ్చింది. తరవాతి వారం నుంచి మెట్రో ఎక్కడం మొదలుపెట్టా.

సరే, అసలు విషయానికొద్దాం.

మనం ఇంజినీర్లం. పొద్దున్న లేస్తే త్రూపుట్, లేటెన్సీ అని మాట్లాడుకునే వాళ్ళం. ఒక ప్యాకెట్‌లో 70 బైట్ల డేటా పంపడానికి 1000 బైట్ల హెడర్ పెట్టే ప్రోటోకాల్ ఎవడైనా డిజైన్ చేసి మన ముందుకి తెస్తే ఏం చేస్తాం? కోడ్ రివ్యూలో నవ్వి నవ్వి చస్తాం. మరి 70 కిలోల మనిషిని పాతిక కిలోమీటర్లు మొయ్యడానికి టన్ను బరువున్న ఇనుముని రోడ్డెక్కించడం ఏంటి? పైగా రోజంతా ఆ హెడర్ని ఆఫీసు బేస్‌మెంట్‌లో పడుకోబెట్టడానికి ఇంకో వంద చదరపు అడుగుల పైచిలుకు చోటు!

చిన్న లెక్క వేద్దాం. ఒక సిటీ బస్సులో కూర్చున్న వాళ్ళూ నిలబడ్డ వాళ్ళూ కలిపి 50 మంది అనుకోండి (అనుకోవడమే, మన 10హెచ్‌లోనూ 127కెలోనూ అంతకన్నా ఎక్కువే ఉంటారు). ఆ బస్సు పొడవు పన్నెండు మీటర్లు. అదే 50 మంది తలా ఒక కార్లో వస్తే, నాలుగు మీటర్ల కారుకి ముందూ వెనకా కలిపి ఒక్క మీటరు ఖాళీ వేసుకున్నా 250 మీటర్ల బారు. అది కూడా ఆగి ఉన్నప్పుడు. కదిలితే ఇంకా ఎక్కువ. మూడు పెట్టెల మెట్రో రైలు కిక్కిరిస్తే దాదాపు వెయ్యి మందిని మోస్తుంది. ఆ వెయ్యి మందీ కార్లెక్కితే అయిదు కిలోమీటర్ల బారు. అంటే సైబర్ టవర్స్ నుంచి ఇటు చివర ఎక్కడికో. ఒక్క రైలుకే ఇంత. రైలు తరవాత రైలు వస్తూనే ఉంటుంది కదా.

దీనికి మనవాళ్ళ జవాబు సిద్ధంగా ఉంటుంది. "రోడ్లు పెంచాలి, ఫ్లైఓవర్లు కట్టాలి." కట్టారు కదండీ! 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి వచ్చింది. 2022 నవంబరులో శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ వచ్చింది. మైండ్‌స్పేస్ దగ్గర అండర్‌పాస్, బయోడైవర్సిటీ దగ్గర ఒకదాని మీద ఒకటి ఫ్లైఓవర్లు. ప్రతి దానికీ ప్రారంభోత్సవం రోజున "ఇక కష్టాలు తీరినట్టే" అనుకున్నాం. తీరాయా? కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది. ఆ హాయి చూసి, అప్పటిదాకా బండి మీదో బస్సులోనో వచ్చేవాడు కారు తీస్తాడు, ఏడింటికే బయల్దేరేవాడు తొమ్మిదింటికి బయల్దేరతాడు, ఎక్కడో దూరంగా ఫ్లాటు కొనడానికి భయపడ్డవాడు కొనేస్తాడు. మళ్ళీ మొదటికొస్తుంది. మెమరీ లీక్ ఉన్న ప్రోగ్రాముకి ర్యామ్ పెంచుకుంటూ పోయినట్టు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. రద్దీ టైములో ఎంత పెద్ద రోడ్డు వేసినా నిండిపోయేదాకా జనం వస్తూనే ఉంటారని ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962లోనే రాశాడు. హ్యూస్టన్‌లో ఉన్న మన వాళ్ళని అడగండి. అక్కడ కేటీ ఫ్రీవేని 2008కల్లా వెడల్పు చేసి, కొన్ని చోట్ల పక్క రోడ్లతో కలిపి 26 లేన్లు చేశారు. కొన్నేళ్ళకే సాయంత్రం ప్రయాణం మళ్ళీ నత్త నడకకి వచ్చింది. 26 లేన్లకే దిక్కు లేనప్పుడు, మనకి ఇంకో రెండు లేన్లు వేస్తే ఏం ఒరుగుతుంది?

ఇక సాకుల సంగతి చూద్దాం. అన్నీ నేను వాడినవే, కాబట్టి ఎవరూ నొచ్చుకోవద్దు.

సాకు 1: "మెట్రోలో టైము ఎక్కువ పడుతుంది."

సగటు చూస్తే కొంతమందికి నిజమే కావచ్చు. నాకు ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు సీటు దాకా గంటా ఇరవై నిమిషాలు. కార్లో బాగున్న రోజు అంతకన్నా అయిదు నిమిషాలు ముందే వెళ్ళేవాణ్ణి. కానీ బాబూ, మనం మన సర్వర్లకి సగటు చూస్తామా? పీ99 చూస్తాం. వందలో ఆ ఒక్క రిక్వెస్టు ఎంతసేపు పట్టిందన్నదే చూస్తాం. మెట్రోలో నా మంచి రోజుకీ చెడ్డ రోజుకీ తేడా పది నిమిషాలు. కార్లో తేడా గంటన్నర. పాప స్కూల్లో ప్రోగ్రాము ఆరింటికి అంటే, కారున్న రోజుల్లో నేను నాలుగింటికే బయల్దేరాలి, అయినా నమ్మకం లేదు. పైగా రైల్లో ఆ గంట నాది. పుస్తకం చదువుతా, పాటలు వింటా, ఏమీ తోచకపోతే నిద్రపోతా. కార్లో ఆ గంట ఎవరిదో కూడా తెలీదు. ముందున్న ఆటో వాడిది, పక్కనుంచి దూరే బైకు వాడిది.

సాకు 2: "స్టేషన్ దిగాక ఆఫీసుకి ఎలా వెళ్ళాలి?"

ఇది సాకు కాదు, న్యాయమైన ప్రశ్న. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది. నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట వాళ్ళకి అక్కణ్ణుంచి మళ్ళీ యుద్ధమే. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నా కోపం రాయదుర్గం నుంచి కిలోమీటరు లోపు ఆఫీసున్న వాళ్ళ మీద. అక్కడికి కూడా కార్లో వస్తున్నారు. ఎందుకంటే నడవడానికి ఫుట్‌పాత్ సరిగ్గా లేదంటారు. నిజం, చాలా చోట్ల లేదు. ఉన్న చోట బైకులు ఎక్కిస్తారు, కరెంటు డబ్బా పెడతారు, కొబ్బరి బోండాల బండి ఉంటుంది. కానీ నడిచేవాళ్ళు లేకపోతే ఫుట్‌పాత్ ఎవడు వేస్తాడు? కార్లో కూర్చుని ఫుట్‌పాత్ లేదని బాధపడటం, ఒడ్డున కూర్చుని ఈత రాలేదని బాధపడటం లాంటిది.

సాకు 3: "రష్ బాబోయ్!"

ఒప్పుకుంటా. అమీర్‌పేటలో పొద్దున్న తొమ్మిదిన్నరకి రైలు మారడం చిన్న విషయం కాదు. ఆగండి, అమీర్‌పేట అంటే గుర్తొచ్చింది. మనలో సగం మంది జావా, ఒరాకిల్ నేర్చుకున్నది ఎక్కడ? మైత్రీవనం సందుల్లోనే కదా. అప్పుడు ఏ కార్లో వెళ్ళాం? స్టూడెంట్ పాస్ జేబులో పెట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్ళాం. ఆ బస్సే మనల్ని ఉద్యోగం దాకా తీసుకొచ్చింది. ఉద్యోగం రాగానే ఆ బస్సు కంపు కొట్టడం మొదలైంది.

రష్ తగ్గాలంటే రైలుకి పెట్టెలు పెరగాలి. స్టేషన్లు ఆరు పెట్టెలకి సరిపడా కట్టారు, రైళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి మూడు పెట్టెలతోనే నడిపారు. మరి దీని గురించి గట్టిగా ఎవరు అడగాలి? రోజూ ఎక్కేవాడే అడగాలి. నోరూ, ఇంగ్లీషూ, ట్విట్టర్ అకౌంటూ ఉన్న మనమేమో కార్లెక్కేశాం. 2019లో ఆర్టీసీ సమ్మె అయ్యాక సిటీలో బస్సులు తగ్గించారు. గుర్తుందా? మనలో ఎంతమందికి ఆ సంగతి తెలిసింది అసలు? పెట్రోలు రూపాయి పెరిగితే గ్రూపులో ముప్పై మీమ్స్ వస్తాయి. బస్సులు తగ్గిస్తే ఒక్క మెసేజ్ రాలేదు. పైగా 2023 డిసెంబరులో ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసినప్పుడు మాత్రం, ఏడాదికోసారి కూడా బస్సెక్కని వాళ్ళంతా ఆర్థికవేత్తలైపోయారు :)

సాకు 4: "టికెట్టు పెంచేశారు."

పెంచారు. 2025 మేలో పెంచి, గొడవయ్యాక కొంచెం తగ్గించి, గరిష్ఠ టికెట్టు 69 రూపాయల దగ్గర పెట్టారు. అంతకు ముందు 60. సరే, ఆ గరిష్ఠ టికెట్టుతోనే లెక్కేద్దాం. పోనూ రానూ 138. నెలకి 22 రోజులంటే 3036. ఇప్పుడు నా కారు. రోజుకి 50 కిలోమీటర్లు, ఈ ట్రాఫిక్‌లో లీటరుకి పన్నెండు వస్తే గొప్ప. రోజుకి నాలుగు లీటర్ల పైన. అదే 2025లో ఉన్న లీటరు 107 రూపాయల లెక్కన రోజుకి దాదాపు 445, నెలకి 9800 దాకా. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు, కారు వాయిదా ఇందులో లేవు. తొమ్మిది వేలు కక్కలేక మింగలేక ఇస్తున్నవాడు మూడు వేల గురించి వీరావేశపడటం నాకు అర్థం కాదు.

కానీ ఆ 69 రూపాయలు నిజంగా బరువయ్యే వాళ్ళు ఉన్నారు. మన ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, ఫ్లోర్ తుడిచే ఆవిడ, క్యాంటీన్‌లో దోసెలు వేసే కుర్రాడు. వాళ్ళ జీతంలో నెలకి మూడు వేలు అంటే మాటలు కాదు. టికెట్టు ధర గురించి అరవాలనుకుంటే వాళ్ళ కోసం అరవండి, మీ వెనక నేనుంటా.

సాకు 5: "మేము కార్ పూలింగ్ చేస్తాం కదా!"

చాలా మంచిది, చెయ్యండి. కానీ ఎంతమంది చేస్తున్నారు, ఎన్నాళ్ళు చేస్తున్నారు? నేనూ చేశా. 2017లో మా కొత్తపేట వైపు వాళ్ళం నలుగురం కలిసి వారానికి ఒకరి కారు అనుకున్నాం. మొదటి నెల పిక్నిక్ లాగా ఉంది. రెండో నెలలో ఒకాయనకి అమెరికా కాల్స్ మొదలయ్యాయి, సాయంత్రం ఏడున్నర దాకా దిగడు. ఇంకొకాయన వాళ్ళ బాబుని ట్యూషన్ నుంచి తీసుకురావాలి, ఆరింటికే వెళ్ళాలి. మూడో నెలకి నలుగురికీ నాలుగు కార్లు. ఎవరి తప్పూ లేదు. నాలుగు థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఆగాలంటే అన్నీ కలిసి ఆఖరి థ్రెడ్ వేగంతోనే నడుస్తాయి. రైలుకి ఆ బాధ లేదు. ఒకటి పోతే ఇంకొకటి.

కార్ పూలింగ్ నిలబడాలంటే మంచితనం చాలదు, లాభం ఉండాలి. 2012లో నేను కొన్నాళ్ళు ఆన్‌సైట్‌లో ఓక్లండ్ వైపు ఉన్నా. అక్కడ ఒక వింత చూశా. పొద్దున్నే రోడ్డు పక్కన జనం వరసలో నిలబడేవాళ్ళు. ముక్కూ మొహం తెలియని వాడి కారు వచ్చి ఆగేది, ఇద్దరు ఎక్కేవాళ్ళు, శాన్ ఫ్రాన్సిస్కోలో దిగేవాళ్ళు. యాప్ లేదు, ఫోన్ లేదు. క్యాజువల్ కార్‌పూల్ అనేవాళ్ళు. ఎందుకు నడిచిందంటే, కార్లో ముగ్గురుంటే బే బ్రిడ్జి దగ్గర వేరే లేన్, క్యూ లేదు. టోలు కూడా రద్దీ టైములో ఆరు డాలర్ల బదులు రెండున్నర. అందుకని డ్రైవరే మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చేవాడు. దశాబ్దాలు నడిచిన ఆ పద్ధతి 2020లో కోవిడ్‌తో ఆగిపోయింది. మన దగ్గర నలుగురు ఎక్కిన కారుకీ ఒక్కడున్న కారుకీ ఏంటి తేడా? ఏ సిగ్నల్ దగ్గరా ఏమీ లేదు. పైగా తెల్ల నంబరు ప్లేటు కార్లో డబ్బులు పంచుకుంటే తప్పా ఒప్పా అన్న అనుమానం ఒకటి. కేంద్రం 2020 మార్గదర్శకాల్లో ఊళ్ళో రోజుకి నాలుగు ట్రిప్పుల దాకా పంచుకోవచ్చు, రాష్ట్రాలు కాదంటే తప్ప అని రాసింది. అయినా 2023లో బెంగుళూరులో ఇదే విషయం మీద నిషేధమా కాదా అని ఎంత గందరగోళం జరిగిందో చూశాం.

అందుకే నా లెక్క ఇది. మెట్రోగానీ, బస్సుగానీ, ఎమ్మెమ్టీఎస్‌గానీ ఉన్న దారిలో అవే ఎక్కాలి. అవి లేని చోట కార్ పూలింగ్. ఒక్కడే కార్లో వెళ్ళడం ఆఖరి దారి. మనం దాన్ని మొదటి దారి చేసుకున్నాం, అదీ సంగతి.

ఇక ఎవరూ పైకి చెప్పని ఆరో సాకు ఒకటుంది. పరువు. నేను మెట్రోకి మారిన కొత్తలో మా మావయ్యగారు ఫోన్ చేసి, చాలా సున్నితంగా, "ఏం బాబూ, ఉద్యోగం అదీ బాగానే ఉంది కదా?" అన్నారు. నాకు ముందు అర్థం కాలేదు. తరవాత మా ఆవిడ చెప్పింది, అల్లుడు కారు మానేశాడంటే జీతం తగ్గించారేమోనని అత్తయ్యగారు రెండు రోజులు దిగులు పడ్డారట. ఆఫీసులోనూ అంతే. "కారు సర్వీసింగ్‌కి ఇచ్చావా?" అని వారం రోజులు అడిగారు. మెట్రోలో రావడానికి ఒక కారణం చెప్పాలి, కార్లో ఒక్కడే రావడానికి ఏ కారణమూ అక్కర్లేదు. ఇది తిరగబడాలి.

తప్పంతా మనదే అని కూడా నేను అనను. ఆఫీసులు కూడా తక్కువేం తినలేదు. ప్రమోషన్ రాగానే మొదట ఇచ్చేది పార్కింగ్ స్లాటు. కారు లీజు తీసుకుంటే ట్యాక్స్ మిగులుతుందని హెచ్ఆర్ వాళ్ళే పవర్ పాయింట్ వేసి మరీ చూపిస్తారు. బస్ పాస్ కొన్నవాడికి మిగిలేది ఆ పాసే. నెలకి 1600 రూపాయల దాకా ట్యాక్స్ లేకుండా ఇచ్చే ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సు కూడా 2018లో స్టాండర్డ్ డిడక్షన్‌లో కలిసిపోయింది. అమెరికాలో, కార్లకి పుట్టిల్లు లాంటి దేశంలో, రైలూ బస్సూ పాసుల కోసం జీతంలోంచి ట్యాక్స్ పడకుండా 2025లో నెలకి 325 డాలర్ల దాకా పక్కన పెట్టుకోనిచ్చారు. మనం కాపీ కొట్టడానికి ఇంత మంచి ఐడియా ఉంటే, అక్కణ్ణుంచి ఎస్‌యూవీల్ని మాత్రం తెచ్చుకున్నాం.

ఇంకోటి. వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మంటే అందరూ కలిసి మంగళ, బుధ, గురువారాలే ఎంచుకున్నారు. లోడ్ బ్యాలెన్సింగ్ గురించి గంటలు గంటలు ఇంటర్వ్యూల్లో అడిగే కంపెనీలే ఇవి! 2023 జులైలో వానలు ముంచెత్తినప్పుడు సైబరాబాద్ పోలీసులే పూనుకుని, ఒక ప్రాంతం ఆఫీసులు మూడింటికి, ఇంకో ప్రాంతం నాలుగున్నరకి, మిగతావి మూడింటికీ ఆరింటికీ మధ్య లాగౌట్ అవ్వమని చెప్పాల్సి వచ్చింది. మనకి తట్టాల్సిన ఆలోచన ట్రాఫిక్ పోలీసులకి తట్టింది. సిగ్గు పడాలా వద్దా?

కాబట్టి నేను అడిగేవి పెద్ద పెద్దవేం కాదు. లండన్‌లో 2003 నుంచి, స్టాక్‌హోమ్‌లో 2006 నుంచి ఊరి నడిబొడ్డుకి వచ్చే కార్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తున్నారు. అది ఇక్కడ పెట్టమంటే నన్ను కొడతారు, ఒద్దులెండి. ముందు మన ఆఫీసుల్లో మనం చెయ్యగలిగినవే చూద్దాం. పార్కింగ్ ఉచితంగా ఇస్తున్నప్పుడు, అది వద్దన్న వాడికి మెట్రో కార్డులో ఆ విలువ వెయ్యండి. ముగ్గురు కలిసొచ్చిన కారుకి లిఫ్టు పక్కన స్లాటు ఇవ్వండి, డైరెక్టరు గారి స్లాటు బేస్‌మెంట్ 3కి మార్చండి. ఇంటి దగ్గర్నుంచి ఆఫీసు దాకా ఖాళీగా తిరిగే బస్సుల బదులు రాయదుర్గం నుంచి, హైటెక్ సిటీ ఎమ్మెమ్టీఎస్ స్టేషన్ నుంచి, పది కంపెనీలు కలిసి షటిల్స్ నడపండి. టీముల వారీగా రోజులు మార్చండి. ఇందులో ఏ ఒక్క దానికీ ముఖ్యమంత్రి గారి సంతకం అక్కర్లేదు.

ఒక్క మాట. నైట్ షిఫ్ట్ వాళ్ళు, రాత్రి పదకొండింటికి ఒంటరిగా ఇంటికెళ్ళాల్సిన ఆడపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు, మోకాళ్ళు నొప్పులున్న పెద్దవాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు, ఇది మీ గురించి కాదు. మీకు రోడ్డు మీద హక్కుంది. అసలు మీకు రోడ్డు ఖాళీగా దొరకాలనే ఈ గోలంతా. నా కారు నేను అమ్మలేదు. మొన్న శుక్రవారం అమ్మని కంటి డాక్టరు దగ్గరికి అందులోనే తీసుకెళ్ళా. దారిలో ఇరుక్కున్నాం. ముందున్న కార్లు చూసి అమ్మ అడిగింది, "ఇంతమందీ డాక్టరు దగ్గరికేనా నాయనా?" అని. ఏం చెప్పాలో తెలీలేదు.

మీ ఇల్లు స్టేషన్‌కి దగ్గరై, మీ ఆఫీసు స్టేషన్‌కి దగ్గరై, చేతిలో ల్యాప్‌టాప్ బ్యాగు తప్ప ఇంకేమీ లేకపోతే, వారానికి రెండు రోజులు కారు ఇంట్లో పెట్టి చూడండి. నెల రోజులు చూసి కుదరకపోతే వచ్చి నన్ను తిట్టండి. పొద్దున్న తొమ్మిదీ నలభైకి రాయదుర్గంలో దిగుతా. మెట్ల కింద ఇరానీ చాయ్ బండి ఉంది. తిట్టేవాళ్ళకి చాయ్ నా ఖర్చే.